వెనక చక్రం చూపు

అంటననరివోలో టాక్సీలన్నీ మీగడ రంగే.
బుదుసువ బండి మాత్రం మలుపులోనే గుర్తొచ్చేది.
ఎదురుగా వస్తూనే పక్కకి పోతున్నట్టుండేది,
వీధికుక్క పరుగులా,
ముందుకాళ్లది ఒక దారి, వెనకకాళ్లది ఇంకో దారి.

"ఎడమకి లాగేస్తోంది" అంది,
తాళం నా అరచేతిలో పడేస్తూ.
"రెండేళ్లుగా స్టీరింగు కుడికి తిప్పి పట్టుకుంటేనే
తిన్నగా పోతోంది."
కుడి వెనక టైరు లోపలి అంచు
అరిగిపోయిన సబ్బుబిళ్లలా ఉంది.

నేను పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలు.
నాలుగు నెలల్లో రాని విద్యేముంటుంది?
టేపు తీశాను.
ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకి
ఎడమ వైపు రెండు వందల నలభై.
కుడి వైపు రెండు వందల నలభై ఐదు, ఓ పిసరు తక్కువ.
దొరికాడు దొంగ!
రజఫింబెలు భోజనానికి వెళ్లాడు కదా అని
గునపం దూర్చి, సుత్తి అందుకుని
కుడి చక్రాన్ని ముందుకి జరపబోయాను.
చెమట కళ్లలోకి కారింది.
చక్రం చీమంత కదల్లేదు.

ఆయనొచ్చాడు. అరవలేదు, అదే నా భయం.
మెడపట్టి బండి కిందకి లాక్కుపోయి
టార్చి వేశాడు.
"ఈ కడ్డీ ఎడమ కాలిది.
దాని వెనకున్నది కుడి కాలిది.
రెండూ ఒకే చోట ఎలా పడుకుంటాయి?
ఇరుకు మంచం మీద అన్నదమ్ముల్లా
ఒకడి వెనక ఒకడు.
ప్రతి రెనో కత్రెల్‌కీ కుడి కాలు కాస్త వెనక్కే.
అది రోగం కాదురా, పుట్టుక.
పుట్టుకని సుత్తితో కొడుతున్నావు నువ్వు."

తర్వాతి పనిలో సుత్తి లేదు.
నాలుగు ఇటుకలు,
వాళ్లావిడ కుట్టుమిషను మీంచి తెల్లదారం,
బండికి రెండు పక్కలా, చక్రాల నడుమెత్తులో.
గాలి వీస్తే దారం వణికేది.
అది ఆగేదాకా మా ఊపిరి మేం బిగబట్టేవాళ్లం.
రిమ్ము వెనకంచు నుంచి దారానికి ముప్ఫై తొమ్మిది మిల్లీమీటర్లు.
ముందంచు నుంచి ముప్ఫై రెండు.
"మెల్లకన్ను" అన్నాడాయన,
"రోడ్డు మీద పోతూ పక్కింట్లోకి చూస్తోంది."

బుష్షు ఊడదీస్తే నలిగిన ఖర్జూరం.
కొత్తది రావడానికి నాలుగు రోజులు.
అది బిగించాక కూడా మూడు మిల్లీమీటర్ల తేడా మిగిలితే
పాలడబ్బా రేకు కత్తిరించాం, బ్రాకెట్టు వెనక పెట్టడానికి.
ఒకటి చాల్లేదు.
రెండు ఎక్కువైంది.
రెండోదాన్ని పొద్దుగూకేదాకా గరుకు కాగితం మీద రుద్దాను,
గోళ్లు కూడా అరిగాయి.
ముప్ఫై ఐదు. ముప్ఫై ఐదు.
ఆయన స్కేలు జేబులో పెట్టుకుని చేతులు కడుక్కున్నాడు.

బుదుసువ ఎప్పట్లాగే వాలులో ఇంజను ఆపేసి,
కాళ్ల దగ్గర పెట్రోలు సీసా ఊగుతుండగా
చప్పుడు లేకుండా దిగిపోయింది.

మూడో రోజు తిరిగొచ్చింది, మండిపడుతూ.
"ఏం చేశారు నా బండిని? ఇప్పుడు కుడికి పోతోంది!"

మళ్లీ ఇటుకలు, మళ్లీ దారం.
ముప్ఫై ఐదు. ముప్ఫై ఐదు.
రజఫింబెలు మాట్లాడకుండా ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు.
అనూసి సరస్సు పక్కన,
జకరండా పూలు రాలి రోడ్డంతా ఊదాగా ఉన్నచోట,
"చేతులు తియ్యి" అన్నాడు.
తీసింది.
బండి పూల మధ్య నుంచి తిన్నగా పోయింది.
"ఇప్పుడు పట్టుకో."
పట్టుకోగానే ముక్కు కుడికి తిరిగింది.

బండి ఆపి, తన రెండు మణికట్లనీ
ఎవరివో అన్నట్టు చూసుకుంది.
"దీనికి నా దగ్గర రేకు ముక్క లేదమ్మా" అన్నాడు,
"వారం పది రోజులు ఓపిక పట్టు."

వెనక నుంచి ఎవరో హారను కొట్టారు.
ఆమె నవ్విందో, ఏడ్చిందో
నాకు కనపడలేదు,
వెనక సీట్లో, సరిగ్గా కుడి చక్రం పక్కన,
అందరికన్నా ఐదు సెంటీమీటర్లు వెనక కూర్చున్నాను,
ఓ పిసరు తక్కువ.